ముత్యం కాదు, ముత్యాలు

ముత్యం అనే మాట ఎవరి నోటివెంట వచ్చినా మైకమ్మకు ఒళ్ళు మండిపోయేది. నగల దుకాణం బోర్డు మీద కనిపించినా అంతే, పాటలో వినిపించినా అంతే. నీ పళ్ళు ముత్యాల్లా ఉన్నాయని ఒక డ్రైవరు టికెట్ కౌంటరు అమ్మాయిని పొగిడితే, మధ్యలో ఈవిడెందుకు చిందులు తొక్కిందో అక్కడున్నవాళ్ళెవరికీ అర్థం కాలేదు.

ఎలా అర్థమవుతుంది? అసలు సంగతి తెలిసినవాళ్ళు ముగ్గురే. ఆమె, ఆమె మొగుడు, డాక్టరమ్మ. ముగ్గురిలో నోరు విప్పాల్సినవాడు మొగుడు. అతను విప్పలేదు. కథంతా అక్కడే ఉంది.

మైకమ్మ బస్‌స్టేషన్‌లో అనౌన్సరు. ఎంక్వయిరీ కౌంటరు పక్కన అద్దాల గది, బల్ల మీద మైకు, ఎదురుగా వరసగా ప్లాట్‌ఫారాలు. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏది ఆలస్యమో, ఎవరి పిల్లవాడు తప్పిపోయి ఏడుస్తూ ఎంక్వయిరీ దగ్గర కూర్చున్నాడో, అంతా ఆమె గొంతులోంచే ఊరికి తెలియాలి. డ్రైవర్లు, కండక్టర్లు పెట్టిన పేరే మైకమ్మ. ప్రేమగానే పెట్టారు. ఇంట్లో అత్తగారు మాత్రం ఆ పేరును ఎత్తిపొడుపుకు వాడుకునేది.

"ఇది మీ బస్టాండు కాదమ్మా మైకమ్మా. కాస్త గొంతు తగ్గించు, పక్కింటివాళ్ళు బస్సొచ్చిందనుకుని సామాన్లు సర్దుకుంటారు."

ఉద్యోగంలో చేరిన మొదటిరోజే కంట్రోలరు ఆమెకు పద్ధతులు నేర్పాడు. గొంతులో కోపం ఉండకూడదు. కంగారు అసలే ఉండకూడదు. ఏది చెప్పినా రెండుసార్లు చెప్పాలి, ఎందుకంటే మొదటిసారి జనం వినరు, ఎవరో ఏదో చెబుతున్నారని తలెత్తుతారంతే. ఇక బస్సు రాకపోతే రద్దు అనే మాట వాడకూడదు. అనివార్య కారణాల వల్ల అనాలి. టైరు పేలినా, ఇంజను చెడినా, డ్రైవరు తాగి పడుకున్నా అన్నిటికీ అదొకటే మాట.

"ఈ అనివార్య కారణానికి ఓ పేరంటూ ఉండదా సార్?" అని ఆమె నవ్వింది.

"పేరు చెబితే జనం నన్ను కొడతారమ్మా," అన్నాడు కంట్రోలరు.

అప్పుడు నవ్వుకుంది కానీ, అలాంటి కంట్రోలరు తన ఇంట్లోనూ ఒకడున్నాడని ఆమెకు అప్పటికి తెలియదు.

మొగుడు కళ్ళద్దాల షాపులో పనిచేసేవాడు. వచ్చినవాళ్ళ ముక్కు మీద బరువైన ఫ్రేము పెట్టి, అద్దాలు మార్చి మార్చి వేస్తూ, ఇప్పుడెలా ఉంది, ఇప్పుడెలా ఉంది అని ఓపికగా అడిగే మనిషి. గట్టిగా మాట్లాడడు, ఎవరినీ నొప్పించడు. మంచివాడని అందరూ అనేవారు. మైకమ్మ కూడా అనేది, ముత్యాల గొడవ మొదలయ్యేదాకా.

నెల తప్పినప్పుడు ఇల్లంతా సంబరపడింది. అత్తగారు ముందుగదిలో కుట్టుమిషన్ పెట్టుకుని పిల్లల బట్టలు కుట్టేది, ఆ వీధిలో ఆవిడ కుట్టిన గౌను తొడగని పిల్ల లేదు. మనవడికో మనవరాలికో పనికొచ్చేలా తెల్లటి బుల్లి చొక్కా ఒకటి కుట్టి, అల్మారాలో పైఅరలో దాచింది. మైకమ్మకు మాత్రం వాంతులు పట్టుకున్నాయి. అలాంటి ఇలాంటి వాంతులు కావు. మంచినీళ్ళు కూడా లోపల నిలిచేవి కావు. అనౌన్స్‌మెంటుకూ అనౌన్స్‌మెంటుకూ మధ్య మైకు ఆపేసి బాత్‌రూముకు పరుగెత్తేది. పైగా కడుపు నెలలకు మించి పెరిగింది. చూసినవాళ్ళంతా కవలలేనని తేల్చేశారు. అత్తగారు రెండో చొక్కాకు గుడ్డ కత్తిరించింది.

ఒకరోజు మైకు ముందు కూర్చుని ఉండగానే రక్తస్రావం మొదలైంది. చెప్పాల్సిన బస్సు వివరం రెండోసారి కూడా చెప్పి, మైకు కట్టేసి, అప్పుడు లేచింది. ఆ సంగతి తలచుకుంటే తర్వాత ఆమెకు తనమీద తనకే కోపం వచ్చేది. ఎవరి బస్సు పోతుందని అంత ఆగింది?

స్కానింగు గదిలో డాక్టరమ్మ చాలాసేపు తెర వైపే చూసింది. తర్వాత ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది. మొగుడు పక్కనే ఉన్నాడు. ప్రతి మాటా విన్నాడు. ఇది గుర్తుపెట్టుకోవాలి.

"దీన్ని ముత్యాల గర్భం అంటారు. చాలా అరుదుగా వస్తుంది. లోపల బిడ్డ లేదమ్మా. ఉండి పోవడం కాదు, మొదటి నుంచీ తయారే కాలేదు. బిడ్డకు తిండి అందించాల్సిన మాయ ఉంటుంది చూడు, అదొక్కటే హద్దూ అదుపూ లేకుండా పెరిగిపోయింది, నీటి బుడగల్లా, గుత్తులు గుత్తులుగా. కడుపుతో ఉన్నప్పుడు ఊరే హార్మోను దీంట్లో మరీ విపరీతంగా ఊరుతుంది. ఆ వాంతులు అందుకే. కడుపు అంత పెరిగిందీ అందుకే."

"నేనేం చేశాను డాక్టరుగారూ?"

"నువ్వేం చెయ్యలేదు. నిలబడ్డావనో, పని చేశావనో, ఏదో తిన్నావనో ఇది రాదు. ఎవరి తప్పూ కాదు."

లోపలున్నదంతా తీసేయాలని, ఆ తర్వాత కూడా వదిలేయకూడదని డాక్టరమ్మ చెప్పింది. తీసేసినా ఎక్కడో కాస్త మిగిలి మళ్ళీ పెరగొచ్చు, గర్భసంచి గోడలోకి దిగొచ్చు, ఊపిరితిత్తుల దాకా పాకొచ్చు. అందుకని వారం వారం రక్తపరీక్ష చేయించుకుని, ఆ హార్మోను పూర్తిగా పడిపోయిందో లేదో చూసుకోవాలి. తాను చెప్పేదాకా మళ్ళీ కడుపు రాకూడదు, వస్తే ఏది బిడ్డదో ఏది ఈ పాడుదో రక్తంలో తెలియదు. కడుపు రాకుండా మాత్రలు రాసిచ్చింది.

మొగుడు బయటకు వెళ్ళినప్పుడు డాక్టరమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. మైకమ్మే గుచ్చి గుచ్చి అడిగింది, అసలిది ఎలా తయారవుతుందని. ఆడదాని అండంలో ఉండాల్సిన సరుకేదీ లేకుండా పోయినప్పుడు, మగవాడి కణం ఆ ఖాళీలోకి చేరి తనను తానే రెండింతలు చేసుకుంటుందట. ఈ రకంలో ఉన్నదంతా తండ్రి వైపుదేనట. "దీన్ని పట్టుకుని ఆయన్నేమీ అనకమ్మా, అతనికీ ఏమీ తెలీదు, అతని చేతుల్లోనూ ఏమీ లేదు," అని డాక్టరమ్మ హెచ్చరించింది. మైకమ్మ తలూపింది. మొగుడి మనసు కష్టపడుతుందని ఆ మాటను కడుపులోనే పెట్టుకుంది.

ఆ జాలి ఆమె మీద ఎవరూ చూపించలేదు.

లోపలిదంతా తీసేశాక వరండాలో బల్ల మీద పడుకుని ఉంది. ఇంకా మత్తు పూర్తిగా దిగలేదు. మొగుడు పక్కనే నిలబడి తల్లికి ఫోన్ చేశాడు. "అమ్మా, నిలవలేదే. ఏదో ముత్యాల గర్భం అట," అన్నాడు. అవతల నుంచి అత్తగారి ఏడుపు బల్ల మీద ఉన్న మైకమ్మకు కూడా వినిపించింది. "అయ్యో, ముత్యంలాంటి గర్భమా! ముత్యంలాంటి బిడ్డ పోయిందా నాయనా!"

మొగుడు ఒక్క క్షణం ఆగాడు. కాదమ్మా అనడానికి ఆ క్షణం చాలు. అతను "ఊఁ" అన్నాడు.

ఆ ఊఁ ఆమెను తినేసింది.

అత్తగారి నోట పడిన మాట ఊరుకుంటుందా? చుట్టాలందరికీ పాకింది. ముత్యంలాంటి బిడ్డ, బంగారం లాంటి కాన్పు కావాల్సింది, మైకులో అరిచి అరిచి పోగొట్టుకుంది. ఒకరు చెబితే ఇంకొకరు మెరుగులు పెట్టారు. అత్తగారి అక్క, పెద్దత్తయ్య, పలకరించడానికి వచ్చి మంచం పక్కన కూర్చుని మరీ అంది: "డాక్టరమ్మే అందటగా, ముత్యంలాంటి గర్భమని. అలాంటిది చేజార్చుకున్నావు కదే తల్లీ. ఉద్యోగం ఎక్కడికి పోతుంది, ఆ నాలుగు నెలలు నోరు మూసుకుని ఇంట్లో కూర్చుంటే ఏం పోయేది?"

ఆ రోజే మైకమ్మ అసలు సంగతి విప్పబోయింది. లోపల బిడ్డే లేదత్తయ్యా, అంది. అత్తగారికి నమ్మకం కలగలేదు. కడుపు అంత పెరిగితే బిడ్డ లేదంటుందేమిటి? నిన్ను ఓదార్చడానికి చెప్పుంటారులే అని, కొడుకు వైపు తిరిగింది. "ఏరా, నిజమేనా?"

మొగుడు జేబులోంచి గుడ్డ తీసి తన కళ్ళద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

"డాక్టర్లు ఏవేవో చెప్తుంటారమ్మా," అన్నాడు.

గదిలో అందరూ మైకమ్మ వైపు జాలిగా చూశారు. పాపం, తప్పు ఒప్పుకోలేక సాకులు వెతుక్కుంటోంది అన్నట్టు చూశారు. ఆ చూపులకు ఆమె కడుపు మండిపోయింది. అందరూ వెళ్ళాక మొగుడిని నిలదీసింది.

"నేను చెప్పిన మాట అబద్ధమా?"

"అబద్ధమని నేనన్నానా?"

"నిజమని కూడా అనలేదుగా!"

"అమ్మ బాధలో ఉంది. ఇప్పుడు మాయ పెరిగింది, బుడగలు, మళ్ళీ వస్తే ఊపిరితిత్తుల దాకా పోతుంది అంటే గుండె ఆగిపోతుంది. చుట్టాలు ఏదో పెద్ద రోగం అంటారు. నీకే చెడ్డపేరు. టైము చూసి నేను చెప్తాలే."

చెప్తాలే. నెలలు గడిచినా ఆ టైము రాలేదు. కళ్ళద్దాల షాపులో అందరికీ అక్షరాలు కనబడేలా చేసే మనిషి, ఇంట్లో మాత్రం మసకే బాగుందనుకున్నాడు. మైకమ్మ రోజూ అనివార్య కారణాల వల్ల అని చెప్పి చెప్పి ఇంటికొచ్చేది, ఇంట్లో తానే ఒక అనివార్య కారణమై కూర్చునేది.

రక్తపరీక్షలు మాత్రం మానలేదు. డ్యూటీ మార్పించుకుని వారం వారం వెళ్ళొచ్చేది. రిపోర్టులో హార్మోను అంకె దిగుతూ వచ్చింది. మొదట్లో ఎక్కడో ఆకాశంలో ఉన్నది వేలల్లోకి, వందల్లోకి దిగింది. రిపోర్టు చూసుకున్న రోజు ఆమె గొంతు హుషారుగా ఉండేది, కంట్రోలరు కూడా గమనించాడు. "ఏమ్మా, ఇవాళ బస్సులన్నీ టైముకే వస్తున్నట్టున్నాయి!" అనేవాడు. అత్తగారికి మాత్రం ఆ పరీక్షలు కంటగింపు. ఉన్న రక్తమంతా సీసాల్లో పోసి వాళ్ళకిచ్చొస్తే ఇక కడుపెలా నిలుస్తుందని సణిగేది. కోడలు మాత్రలు వేసుకుంటోందని ఆవిడకు తెలియదు. అదీ కొడుకు చెప్పాల్సిందే. అదీ చెప్పలేదు.

ఇంతలో ఒక వారం అంకె దిగలేదు. తర్వాతి వారమూ అక్కడే ఉంది. డాక్టరమ్మ మొహం కాస్త ముడుచుకుంది, చూద్దాం అంది. సరిగ్గా అప్పుడే మైకమ్మకు పొద్దున్నే వికారం మొదలైంది. అత్తగారి కళ్ళు అలాంటివి ఇట్టే పట్టేస్తాయి. మందుల షాపుకు తానే వెళ్ళి పరీక్ష చేసుకునే పట్టీ కొనుక్కొచ్చి కోడలి చేతిలో పెట్టింది.

"నాకలాంటిదేమీ లేదత్తయ్యా."

"లేకపోతే లేదని అదే చెప్తుంది. పోయేదేముంది?"

సరే, ఒక్క గీత చూపించి నోరు మూయిద్దామనుకుంది మైకమ్మ. బాత్‌రూములో నిలబడి చూస్తుండగానే రెండో గీత తేలింది. లేతగా కూడా కాదు, ముదురుగా. కడుపొచ్చిందనిపించే హార్మోనునే ఆ పట్టీ పట్టుకుంటుంది, లోపల ఎవరున్నారో దానికి తెలియదు. డాక్టరమ్మ ముందే చెప్పింది. మాత్ర ఒక్కరోజు కూడా తప్పలేదు. అంటే ఇది బిడ్డ కాదు. అది మళ్ళీ మొదలైంది.

తలుపు తీసేసరికి అత్తగారు ఎదురుగానే ఉంది. చేతిలోంచి పట్టీ లాక్కుని చూసి, కోడలిని గట్టిగా వాటేసుకుంది. అన్నేళ్ళలో ఆవిడ అలా వాటేసుకోవడం అదే మొదలు. మైకమ్మ భయంతో ఏడుస్తుంటే, ఆవిడ సంతోషంతో ఏడ్చింది. "ఈసారి నిన్ను మంచం దిగనివ్వను," అని ఫోనందుకుంది. అల్మారా పైఅరలోంచి తెల్లచొక్కా కిందికి దిగింది.

మర్నాడు ఆసుపత్రిలో అన్నీ తేలిపోయాయి. అంకె అమాంతం పెరిగింది. స్కానులో బిడ్డ లేదు. గర్భసంచి గోడలో చిన్న మచ్చ ఉంది. ఛాతీ ఎక్స్‌రే మాత్రం శుభ్రంగా ఉంది.

"భయపడకు, కానీ నిర్లక్ష్యం చెయ్యకు," అంది డాక్టరమ్మ. "ఇది క్యాన్సరు జాతిదే. అయినా మందుకు లొంగుతుంది, ఈ దశలో పట్టుకుంటే దాదాపు అందరికీ నయమవుతుంది. తర్వాత పిల్లల్నీ కనొచ్చు. రోజు మార్చి రోజు ఇంజెక్షన్. రేపే మొదలుపెడదాం. ఒక్కటే మాట, వాయిదా వెయ్యొద్దు."

అక్కణ్ణుంచి నేరుగా మొగుడి షాపుకు వెళ్ళింది. కౌంటరుకు ఇటువైపు నిలబడే, వచ్చినవాళ్ళలో ఒకతెలా, మొత్తం చెప్పింది. మొగుడు విన్నాడు. విని, ఫ్రేములన్నీ వరసలో సర్దుతూ అన్నాడు:

"అమ్మ అందరికీ చెప్పేసింది. రేపు పొద్దున పెద్దమ్మ వాళ్ళు వస్తున్నారు... ఒక నెల ఆగి చూస్తే? ఒకవేళ నిజంగానే ఏదైనా ఉంటే?"

"స్కాన్ చేశారండీ. ఏమీ లేదు."

"స్కాన్లు కూడా ఒక్కోసారి..."

"మాత్రలు తెచ్చింది మీరే కదా!"

"ఒక్కరోజు మర్చిపోయుంటావేమో."

మైకమ్మకు అప్పుడు అర్థమైంది. ఇతను తల్లికి అబద్ధం చెప్పి చెప్పి, ఆ అబద్ధంలోనే కాపురం పెట్టాడు. పెళ్ళాం ప్రాణం మీదికొచ్చినా సరే, రేపు వచ్చే చుట్టాల ముందు తలదించుకోకుండా ఉంటే చాలు ఇతనికి. అక్కడున్న అద్దాలన్నీ నేలకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. ఇవాళే మీ అమ్మకు చెప్పండి, అంతే, అని వచ్చేసింది. అతను చెప్తానన్నాడు.

ఈసారి నిజంగానే చెప్పాడు. సగం.

తెల్లవారి సంచి సర్దుకుని, చెప్పులు వేసుకోబోయేసరికి ముందుగది నిండా చుట్టాలు. బల్ల మీద మిఠాయి పెట్టె. కుట్టుమిషన్ మీద తెల్లచొక్కా అందరికీ కనిపించేలా పరిచి ఉంది. అత్తగారు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"ఎక్కడికి?"

"ఆసుపత్రికి."

"ఇంజెక్షన్ వేయించుకోవడానికేగా? వాడు చెప్పాడులే. అది వేస్తే కడుపు పోతుందటగా! నిలిచిన కడుపును చేజేతులా తీయించుకుంటావా? నీ ఉద్యోగం కోసం బిడ్డను చంపుకుంటావా?"

మైకమ్మ మొగుడి వైపు చూసింది. అతను గోడకు ఆనుకుని, చేతిలో గుడ్డతో, కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. ఇంజెక్షన్ సంగతి చెప్పాడు. ఎందుకో చెప్పలేదు.

పెద్దత్తయ్య మూలనుంచి నిట్టూర్చింది. "ఒక ముత్యాన్ని పోగొట్టుకుంది చాలదూ?"

అంతే. మైకమ్మ అరవలేదు. అరిస్తే బాగుండేదని తర్వాత అక్కడున్నవాళ్ళే అన్నారు. సంచి కింద పెట్టి, వీపు నిటారుగా చేసి, బస్‌స్టేషన్‌లో రోజూ తీసే గొంతు తీసింది. కోపం లేని గొంతు, కంగారు లేని గొంతు. ఆ ముందుగదికి అది మరీ పెద్దది.

"ఇంట్లో ఉన్నవారందరికీ ముఖ్య గమనిక. కొన్ని నెలల కిందట ఈ ఇంటికి వస్తుందని చెప్పిన బిడ్డ చేజారిపోలేదు. దారిలో పోలేదు. అసలు బయలుదేరనే లేదు. ముత్యాల గర్భం అంటే ముత్యంలాంటి గర్భం కాదు. బిడ్డ లేకుండా మాయ ఒక్కటే నీటి బుడగలై పెరిగే జబ్బు. ఆ జబ్బు ఇప్పుడు మళ్ళీ వచ్చింది. మొన్న కనబడిన రెండో గీత ఆ జబ్బుది. ఇవాళ ఇంజెక్షన్ వేయించుకోకపోతే చచ్చేది బిడ్డ కాదు, నేను."

మిఠాయి పెట్టె మూత సగం తీసిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

"ఇంట్లో ఉన్నవారందరికీ మరొకసారి గమనిక," అని మొదలుపెట్టింది. అక్షరం పొల్లుపోకుండా మొత్తం మళ్ళీ చెప్పింది. రెండోసారి చెప్పేటప్పుడు మాత్రం కంట్రోలరు నేర్పింది మరిచిపోయింది, గొంతు పగిలింది. గోడకు ఆనుకున్న మనిషి వైపు వేలు చూపించింది.

"నువ్వు చెప్పు. పక్కనే కూర్చుని విన్నావుగా. నిజమా కాదా? గుడ్డ కింద పెట్టి చెప్పు!"

పెళ్ళయ్యాక అతన్ని నువ్వు అనడం అదే మొదటిసారి. చుట్టాల్లో ఒకరిద్దరు ఉలిక్కిపడ్డారు. మిగతాదంతా విన్నాక కూడా కొందరికి ఉలికిపాటు రావడానికి ఆ నువ్వే కావాల్సి వచ్చింది.

"నిజమేనమ్మా," అన్నాడతను, నేల చూపులు చూస్తూ.

"ఇంకోటి కూడా వినండి," అంది మైకమ్మ. ఇది అనకూడదని ఆమెకు తెలుసు. ఎవరి తప్పూ కాదని డాక్టరమ్మ చెప్పిందీ గుర్తుంది. అయినా అనేసింది. "దాంట్లో నా వంతు ఏమీ లేదట. ఉన్నదంతా మీ అబ్బాయిదేనట. ఇన్నాళ్ళూ మీరు నన్ను అన్న మాటలన్నీ విని కూడా, ఆయన బాధపడతాడని నేను ఈ ఒక్క ముక్క దాచాను. ఆయన నాకోసం ఒక్క ముక్క చెప్పలేకపోయాడు!"

అత్తగారు కొడుకు దగ్గరికి నడిచింది. కొడుతుందేమో అనుకున్నారంతా. ఆవిడ గొంతు చాలా చిన్నగా వచ్చింది, మిషను తొక్కుతూ రోజంతా వీధికి వినబడేలా మాట్లాడే మనిషికి అంత చిన్న గొంతు ఉందని ఎవరికీ తెలియదు.

"ఆ రోజు ఫోన్లో ముత్యంలాంటి గర్భమా అని నేనడిగితే, ఊఁ అన్నావు కదరా."

అతను గుడ్డను జేబులో కుక్కుకున్నాడు.

"అన్ని నెలలు నాచేత ఆ మాట అనిపించావు. పెళ్ళికెళ్ళినా అన్నాను. పలకరింపుకెళ్ళినా అన్నాను. దాని ఎదురుగానే అన్నాను. నువ్వు వింటూ కూర్చున్నావు. నన్నేం మనిషిని చేశావురా?"

తర్వాత ఆవిడ మిషను మీది తెల్లచొక్కాను ఉండలా చుట్టి సొరుగులో పడేసింది. కోడలి సంచి అందుకుని, చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. "పద," అంది.

మైకమ్మ సంచి కోసం చెయ్యి చాపింది. "నేను వెళ్ళగలను."

"వెళ్ళగలవని తెలుసు. పద."

బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. అత్తగారు క్షమించమనలేదు. అడిగినా మైకమ్మ క్షమించేది కాదు. మంచం పక్కన కూర్చుని అన్న మాటలు, జాలి చూపులు, పక్కింటివాళ్ళ ముందు వేసిన జోకులు ఒక్కొక్కటీ ఆమెకు గుర్తున్నాయి. మొగుడు చేస్తుంటే మైకమ్మ ఫోను మోగుతూనే ఉంది. అత్తగారు దాన్ని లాక్కుని నోరు నొక్కేసి సంచి అడుగున పడేసింది. "వాడి సంగతి తర్వాత."

డాక్టరమ్మ ఎదుట అత్తగారు కుర్చీ అంచున కూర్చుని అన్నీ అడిగింది. చొక్కాకు కొలతలు తీసుకున్నట్టు, ఒక్కటి వదలకుండా అడిగింది. నయమవుతుందా, ఎన్నాళ్ళు, ఏం తినాలి, జుట్టు రాలుతుందా, డ్యూటీకి వెళ్ళొచ్చా. అన్నీ అయ్యాక చివర్లో ఒకటి అడిగింది.

"ఈ పాడుదానికి ముత్యాలని పేరెవరు పెట్టారమ్మా?"

"ఎప్పటినుంచో ఉన్న మాటేనండీ. చూడటానికి ఆ బుడగలు అలా ఉంటాయని."

"పెట్టినవాడికి కడుపొచ్చి ఉండదు," అంది అత్తగారు.

మైకమ్మకు నవ్వొచ్చింది. కోపం పోలేదు, నవ్వు మాత్రం వచ్చింది.

ఇంజెక్షన్ అయ్యాక కాసేపు పడుకోమన్నారు. వరండాలోకి తెరిచి ఉన్న తలుపులోంచి అత్తగారు కనిపిస్తోంది. ఫోన్ చెవికి పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది. ఒకరి తర్వాత ఒకరికి చేస్తోంది. ఆ రోజు ఎవరెవరికి ముత్యంలాంటి బిడ్డ అని చెప్పిందో వాళ్ళందరికీ.

"ముత్యం కాదే, ముత్యాలు! వినపడుతోందా? బిడ్డ లేదు, మొదటినుంచీ లేదు. దాని తప్పేం లేదు. మైకూ లేదు, అరుపులూ లేవు. నేనే తప్పు చెప్పాను. నీకు చెప్పింది నేనే కదా, ఇప్పుడు చెప్తున్నదీ నేనే. నువ్వెవరెవరికి చెప్పావో వాళ్ళందరికీ ఇవాళే ఫోన్ చేసి చెప్పు!"

ఆ గొంతుకు వార్డంతా తలలు తిప్పి చూసింది. నర్సు గబగబా తలుపు దగ్గరికి వెళ్ళింది.

"అమ్మా, ఇది ఆసుపత్రి. కాస్త గొంతు తగ్గించండి."

మైకమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

"వద్దు సిస్టర్, తగ్గించమనకండి," అంది. "ఒకసారి చెబితే జనం వినరు. రెండోసారి కూడా చెప్పనివ్వండి."